ద్రవానికి పెట్టిన సున్నా

ద్రవాల దృఢతా గుణకం ఎంత? ప్రవేశ పరీక్షల కోసం అచ్చువేసే భౌతికశాస్త్రం పుస్తకాల్లో ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో కనబడుతూనే ఉంటుంది. ఇచ్చిన నాలుగు జవాబుల్లో 'సున్నా' దగ్గర టిక్కు పెట్టినవాడికి మార్కులు, తటపటాయించినవాడికి కోత. ఇంజనీరింగ్ సీట్ల కోసం పిల్లల్ని తెల్లవారుజాము నుంచే ట్యూషన్లకు తరిమే భిలాయి లాంటి ఊళ్లో ఈ సున్నాకు ఎదురు చెప్పేవాడు లేడు. ఘనపదార్థాన్ని పక్కకు తోస్తే ఎదురుతిరుగుతుంది, వదిలేస్తే మళ్లీ మొదటి ఆకారానికి వస్తుంది. ద్రవం అలా కాదు, జారిపోతుంది. కాబట్టి దానికి దృఢత లేదు, కాబట్టి తిర్యక్ తరంగం దానిలో నడవదు. ఇదీ పాఠం. బిందెలో నీళ్ల గురించి, వేలితో కదిపి చూసే మనిషి గురించి అయితే ఈ పాఠం నిజమే. ద్రవాలన్నిటి గురించి, అన్ని వేళలా అని చెప్తే మాత్రం అబద్ధం. అబద్ధమని కొలిచి చూపించి ముప్పావు శతాబ్దం దాటింది.

భిలాయిలో ఈ నమ్మకం బడితో ఆగలేదు, ఉక్కు ప్లాంటులోనూ పాతుకుంది. దానికి కారణం రైలు పట్టా. దేశంలో రైళ్లు నడిచే పట్టాల్లో అధిక భాగం ఇక్కడ పుట్టినవే. ఒక్క ముక్కగా 130 మీటర్ల పట్టాను రోల్ చేసే మిల్లు ఇక్కడ ఉంది. పట్టా లోపల పగులుందో లేదో కంటికి కనబడదు గనక అల్ట్రాసోనిక్ పరీక్ష (యూటీ) చేస్తారు. ప్రోబ్‌లో ఉండే స్ఫటికానికి విద్యుత్తు ఇస్తే కంపిస్తుంది. ఆ కంపనం ఉక్కులోకి దిగాలంటే మధ్యలో గాలి ఉండకూడదు, కాబట్టి నీటిపొర పెడతారు. దాన్నే కప్లెంట్ అంటారు. సూటిగా దింపిన అనుదైర్ఘ్య తరంగం ఉక్కులో సెకనుకు దాదాపు 5,900 మీటర్లు పోతుంది. ఏటవాలు పగుళ్ల కోసం వాడే 70 డిగ్రీల ప్రోబ్‌ది వేరే పద్ధతి. దాని స్ఫటికం కూడా పుట్టించేది అనుదైర్ఘ్య తరంగాన్నే. ప్లాస్టిక్ ముక్కలోంచి ఏటవాలుగా వచ్చి, నీటిపొరను దాటి, ఉక్కులో అడుగుపెట్టాకే అది తిర్యక్ తరంగంగా మారి సుమారు 3,200 మీటర్ల వేగంతో నడుస్తుంది. నీటిని దాటేటప్పటికి తిర్యక్ తరంగం ఇంకా పుట్టనే లేదు. 'షియర్ వేవ్ (తిర్యక్ తరంగం) ద్రవంలో పోదు, అందుకే ఈ ఏర్పాటు' అని యూటీ నేర్చుకునే ప్రతి కుర్రాడికీ మొదటి వారంలోనే చెప్తారు. పరీక్షలో రాసిన సున్నా పనిలోనూ నిజమైందని వాడు ఇక జన్మలో దాన్ని అనుమానించడు.

అదే విద్యలో ఇంకో ప్రోబ్ ఉంది, దాని సంగతి మొదటి వారంలో చెప్పరు. దాని స్ఫటికం పైకీ కిందికీ కాదు, పక్కలకు కంపిస్తుంది. తిర్యక్ తరంగాన్ని నేరుగా, నిలువునా ఉక్కులోకి దింపుతుంది. లోహాల స్థితిస్థాపక గుణకాలు కొలవడానికి ఇది కావాలి. దీనికి నీళ్లు పనికిరావు. బాగా చిక్కటి ద్రవం కావాలి. సీసాల్లో అమ్మే ఖరీదైన కప్లెంట్లు ఉన్నాయి. అవి దొరకని చోట వాడేది తేనె. నిజంగానే తేనె. ఇది ప్రయోగశాలల్లో పాతబడిన ఆనవాయితీ. తేనె ఘనపదార్థమని ఇంతవరకు ఏ పాఠ్యపుస్తకమూ రాయలేదు కదా! తిర్యక్ తరంగం ద్రవాన్ని దాటదంటే మరి తేనెను ఎలా దాటింది?

పొర పలచన, స్నిగ్ధత ఎక్కువ, ఆ జిగటే తరంగాన్ని ఈడ్చుకుపోయింది అంటారు. అందులో కొంత నిజముంది. తేనె స్నిగ్ధత నీటికి సుమారు పదివేల రెట్లు. 5 మెగాహెర్ట్జ్ దగ్గర పక్కవాటు కంపనం నీటిలో మైక్రాన్‌లో పావు వంతు లోతుకు మాత్రమే దిగుతుంది, తేనెలో ఇరవై మైక్రాన్ల దాకా దిగుతుంది. అయితే లెక్క అక్కడితో ముగియదు. స్కాట్లండ్‌కు చెందిన మాక్స్‌వెల్ 1867లోనే ఒక సూత్రం చెప్పాడు: స్నిగ్ధత అంటే దృఢతను సడలే కాలంతో గుణించిన విలువ. ఏ పదార్థాన్నైనా పక్కకు తోస్తే ముందు అది ఘనంలాగే ఎదురుతిరుగుతుంది. తర్వాత అణువులు చోట్లు మార్చుకుని ఆ ప్రతిబలాన్ని సడలించుకుంటాయి. ఆ సడలింపుకు పట్టే వ్యవధి కన్నా నెమ్మదిగా కదిపితే అది ద్రవం, దానికన్నా వేగంగా కదిపితే అది దృఢత ఉన్న వస్తువు. తొణికే ద్రవాలకు కూడా ఈ తక్షణ దృఢత వంద కోట్ల పాస్కల్‌ల స్థాయిలో ఉంటుంది. ఆ అంచనాతో నీటికి సడలే కాలం సెకనులో లక్ష కోట్లవ వంతు, తేనెకు సుమారు పది కోట్లవ వంతు. సెకనుకు 50 లక్షల సార్లు ఊగే స్ఫటికం ముందు తేనె సగం ద్రవం, సగం ఘనం. యూటీ వాళ్లు చేత్తో పూసే కప్లెంటే వాళ్లకు నేర్పిన పాఠానికి విరుద్ధంగా పనిచేస్తోంది.

ఉక్కు ఊళ్లో ఉంటూ దీన్ని నమ్మలేకపోవడం ఇంకా వింత. బ్లాస్ట్ ఫర్నేస్ నుంచి స్లాగ్ నీళ్లలా పారుతూ వస్తుంది. నీటి ధారలతో గబుక్కున చల్లారిస్తే స్ఫటికాలు కట్టే వ్యవధి లేక గాజు రవ్వ అవుతుంది. పక్కనే జాముల్‌లో సిమెంటు చేసేది ఈ రవ్వతోనే. ద్రవంగా ఉన్నప్పటి అణువుల అమరికకూ గాజు అయ్యాక ఉన్న అమరికకూ చెప్పుకోదగ్గ తేడా ఉండదు. మారింది సడలే కాలం. కొలిమి వేడి దగ్గర కోట్లవ వంతుల్లో ఉన్నది, గాజుగా మారే హద్దు దగ్గర నిమిషాలవుతుంది, ఇంకా చల్లారితే తరాలు దాటుతుంది. ఈ దారిలో ఏ డిగ్రీ దగ్గర దృఢత సున్నా నుంచి ఉన్నట్టుండి పుట్టుకొచ్చిందో సున్నావాదులు చెప్పాలి. చెప్పలేరు, ఎందుకంటే అలాంటి డిగ్రీ లేదు.

ఇది ఊహ మాత్రమేనా, కొలిచారా అంటే, కొలిచారు. అమెరికాలో బెల్ ప్రయోగశాలల్లో వారెన్ మేసన్ 1947లో ఒక పద్ధతి ప్రకటించాడు. స్ఫటికపు కడ్డీని మెలిపెట్టినట్టు అటూ ఇటూ కంపింపజేసి ద్రవంలో ముంచడం. మెలి కంపనంలో కడ్డీ ఉబ్బదు, కుంగదు, దాని చర్మం ద్రవాన్ని ఒరుసుకుంటూ పక్కలకు మాత్రమే కదులుతుంది. కాబట్టి ద్రవాన్ని నొక్కడం ఉండదు, పక్కకు లాగడం ఒక్కటే ఉంటుంది. అప్పుడు ద్రవం స్ఫటికానికి రెండు పనులు చేస్తుంది: కంపనాన్ని కొంత చంపుతుంది, అనునాద పౌనఃపున్యాన్ని కొంత దించుతుంది. మొదటిది నిరోధం, రెండోది భారం. ద్రవంలో ఉన్నది స్నిగ్ధత ఒక్కటే అయితే ఈ రెండూ తూచినట్టు సమానంగా ఉండితీరాలి. గణితంలో దానికి మినహాయింపు లేదు. నిరోధం భారాన్ని మించిందంటే ఆ మిగులు దృఢత వల్ల వచ్చిందే. రెండింటి వర్గాల తేడాను ద్రవ సాంద్రతతో భాగిస్తే దృఢతా గుణకం చేతికొస్తుంది.

ఈ పద్ధతిలో నాకు నచ్చేది దీని నిష్పాక్షికత. సున్నా అయితే సున్నా అనే చెప్తుంది. నీళ్లలాంటి పలచటి ద్రవాలకు ఆ పౌనఃపున్యాల దగ్గర నిరోధం, భారం సమానమే. పొడుగాటి గొలుసు అణువుల ద్రవాలకు, ఉదాహరణకు పాలీ ఐసోబ్యుటిలీన్‌కు, సమానం కాదు. 1949లో మేసన్, ఆయన సహచరులు మెగాహెర్ట్జ్ స్థాయికి వెళ్లి, కరిగించి పోతపోసిన క్వార్ట్జ్ దిమ్మెలో తిర్యక్ తరంగాన్ని నడిపి, ద్రవం తాకిన ముఖం నుంచి అది ఎంత తిరిగివస్తుందో చూసి ఇదే సంగతి మళ్లీ నిరూపించారు. సీసాలోంచి పోస్తే పారే పదార్థం దృఢత చూపించింది. అక్కడితో 'ద్రవాలకు దృఢత సున్నా' అనే వాక్యం చచ్చిపోవాల్సింది.

మేసన్ 1947 ప్రకటనకు ఎనిమిదేళ్ల ముందే మన దేశంలో ఆ వాక్యానికి దెబ్బ తగిలింది. 1939లో బెంగళూరు నుంచి రామన్, వెంకటేశ్వరన్ 'నేచర్' పత్రికకు పంపిన లేఖ పేరే 'ద్రవాల దృఢత'. గ్లిజరిన్‌లో అల్ట్రాసోనిక్ ధ్వని సెకనుకు దాదాపు 1,900 మీటర్లు పోతుంది. కాంతి చెదిరే తీరును బట్టి, సెకనుకు వందల కోట్ల సార్లు కంపించే ధ్వని వేగాన్ని లెక్కగడితే అంతకన్నా బాగా ఎక్కువ వచ్చింది. నొక్కితే ఎదురుతిరిగే గుణానికి పక్కకు తోస్తే ఎదురుతిరిగే గుణం తోడైతేనే వేగం అలా పెరుగుతుంది. ఇక రామన్ శిష్యుల్లో పేరెన్నికగన్న సూరి భగవంతం వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు భౌతికశాస్త్ర శాఖను నిలబెట్టిన మనిషి. ఆయన, ఆయన శిష్యుడు బి. రామచంద్రరావు 1940లలో అక్కడ అత్యధిక పౌనఃపున్యాల అల్ట్రాసోనిక్ తరంగాల మీద, అవి కాంతిని వంచే తీరు మీద పనిచేశారు. ద్రవాల్లో స్ఫటికాలు మోగించిన ఇంత పరంపర ఉన్న తెలుగువాళ్లు, పిల్లల పుస్తకాల్లో మాత్రం షరతు లేని సున్నాను రాసుకుంటూ వచ్చారు. దీనికి అజ్ఞానమని పేరు పెట్టను, బద్ధకం అంటాను.

సున్నావాదులకు ఒక గట్టి వాదన ఉంది, దాన్ని దాటేస్తే న్యాయం కాదు. భూకంపపు తిర్యక్ తరంగాలు భూమి బయటి గర్భాన్ని దాటలేకపోతున్నాయి, జెఫ్రీస్ 1926లోనే ఆ గర్భం ద్రవమని తేల్చాడు, అది కూడా ద్రవ ఇనుమే, ఇంతకన్నా రుజువేం కావాలి అంటారు. నిజం. దాటలేవు. భూకంప తరంగం ఒక్క ఊపుకు తీసుకునేది సెకన్లు. ద్రవ ఇనుము సడలిపోవడానికి తీసుకునేది సెకనులో లక్ష కోట్లవ వంతు లెక్క. అంత తీరిగ్గా అడిగితే ద్రవం ఎందుకు ఎదురుతిరుగుతుంది? కాబట్టి భూగర్భం నిరూపించింది 'ఆ పౌనఃపున్యం దగ్గర లేదు' అన్నంత వరకే. అదే ద్రవ ఇనుమును వేగంగా అడిగినవాళ్లున్నారు. జపాన్‌లో హొసొకావా బృందం స్ప్రింగ్-8 యంత్రపు ఎక్స్-కిరణాలతో 2009లో ద్రవ గాలియంలో, 2015లో ద్రవ ఇనుము, రాగి, జింక్‌లలో తిర్యక్ కంపనాల ఆనవాళ్లు చూపించింది. లేడిల్‌లో ఎర్రగా సలసలలాడే హాట్ మెటల్‌లో, అణువుల దూరాల దగ్గర, తిర్యక్ తరంగం ఉంది. భిలాయి మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ 1959 ఫిబ్రవరి 4న ప్రారంభించిన నాటి నుంచి ఇక్కడ పారిన ప్రతి టన్ను ఇనుములోనూ ఉంది. చూడటానికి అంత చురుకైన కన్ను లేకపోయింది, అంతే.

ఇప్పుడు చిక్కు ప్రశ్న. దీన్ని వదిలేస్తే నా వాదన సుఖంగా ఉండేది, కానీ అసలు రసం ఇక్కడే ఉంది. భిలాయి కర్మాగారాన్ని మనకు కట్టిపెట్టిన సోవియట్ దేశంలోనే, 1960ల నుంచి, బోరిస్ దెర్యాగిన్, బైకాల్ సరస్సు అవతల ఉలాన్-ఉదే పట్నంలో బజారోన్, ఆయన సహచరులు మేసన్‌ను మించిన సంగతి ఒకటి చెప్తూ వచ్చారు. సుమారు 74 కిలోహెర్ట్జ్ దగ్గర ఊగే క్వార్ట్జ్ దిమ్మె మీద ద్రవపు పలచటి పొర, దాని మీద చిన్న క్వార్ట్జ్ మూత. దిమ్మె పక్కలకు ఊగుతుంది, మూత దాదాపు కదలకుండా ఉంటుంది, మధ్యలో పొర అటూ ఇటూ లాగబడుతుంది. పొరలో స్నిగ్ధత మాత్రమే ఉంటే కంపనం నీరసించాలి, పౌనఃపున్యం పెరగకూడదు. పెరిగింది. పొర పలచనయ్యే కొద్దీ, మందానికి విలోమంగా, పెరుగుతూ పోయింది. నీళ్లతో సహా మామూలు ద్రవాలన్నిటికీ వేలు, లక్షల పాస్కల్‌లలో దృఢత ఉన్నట్టు లెక్క తేలింది. నేను పైన చెప్పిన మాక్స్‌వెల్ సరళ సూత్రం ప్రకారమైతే ఆ పౌనఃపున్యం దగ్గర నీటికి ఏమీ కనబడకూడదు.

దీన్ని కొట్టిపారేసేవాళ్లు వాడే ఆయుధం దెర్యాగిన్ పేరే. సన్నటి గాజు గొట్టాల్లో కొత్తరకం నీరు దొరికిందని, 'పాలీవాటర్' అని ప్రపంచమంతా గోల చేసిన ఉదంతానికి పెద్దదిక్కు ఆయనే. అది నీటిలో కలిసిన మలినాల మాయ అని చివరికి 1973లో ఆయనే ఒప్పుకున్నాడు. ఆ మనిషి చెప్పిన ఇంకో నీటి కథ ఎందుకు నమ్మాలి అంటారు. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టడమంటే ఇదే. తప్పని తేలాక అచ్చులో ఒప్పుకున్న శాస్త్రజ్ఞుడి మీద నాకైతే నమ్మకం పెరుగుతుంది. పైగా కొలత మనిషిని చూసి రాదు. ఫ్రాన్స్‌లో లారెన్స్ న్వారేజ్, స్ఫటికంతో సంబంధం లేని వేరే పరికరంతో, ద్రవం బాగా అంటుకునే ఫలకాల మధ్య, మిల్లీమీటరులోపు సందుల్లో, సెకనుకు కొన్ని ఊపుల దగ్గర కూడా ద్రవాల దృఢత కనబడుతోందని చూపించింది. 2020లో జకోనే, ట్రచెంకో దానికొక సిద్ధాంతం ఇచ్చారు: ద్రవాన్ని ఇరుకున పెడితే సడలింపుకు తోడ్పడే పొడుగాటి అలలు అందులో ఇమడవు, కాబట్టి దృఢత మిగులుతుంది, సందు మందపు ఘనానికి విలోమంగా.

అలాగని సోవియట్ ఫలితాన్ని నేను కళ్లు మూసుకుని మింగమనను. దిమ్మెకూ మూతకూ మధ్య ఒక్క ధూళి రేణువు వంతెనలా నిలిచినా పౌనఃపున్యం పెరుగుతుంది. అంతకన్నా పెద్ద పేచీ ఇంకోటుంది: బజారోన్ ప్రయోగాల్లో దృఢతా గుణకం పొర మందాన్ని బట్టి మారదు, 2020 సిద్ధాంతం ప్రకారం విపరీతంగా మారాలి. రెండూ చెప్పింది చెప్పినట్టు నిజం కాలేవు. ఇది తేలని తగువు. తేలని తగువును 'సున్నా' అని రాసి మూసేయడం మీదనే నా అభ్యంతరం.

ఇంత సూక్ష్మం పిల్లలకెందుకు, దీనివల్ల ఒరిగేదేమిటి అనే పెద్దమనుషులకు ఒక్క మాట. రోలర్ బేరింగ్‌లో రోలరుకూ గాడికీ మధ్య నలిగే నూనెపొర మీద పీడనం వంద కోట్ల పాస్కల్‌ల దాకా పోతుంది, స్నిగ్ధత లక్షల రెట్లు పెరుగుతుంది, అది ఆ ఇరుకులో ఉండేది సెకనులో ఏ పదివేలవ వంతో. ఆ క్షణంలో నూనె ప్రవర్తన ద్రవానిది కాదు. సున్నా అనుకుని లెక్కగట్టిన ఇంజనీరు ఆ బేరింగ్ ఎంత ఘర్షణను ఎదుర్కొంటుందో సరిగా చెప్పలేడు. రోలింగ్ మిల్లుల ఊళ్లో ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ అక్కర్లేదనుకుంటాను.

పాఠ్యపుస్తకాలు రాసేవాళ్లను అడిగేది పెద్ద కోరికేమీ కాదు. 'ద్రవాల దృఢతా గుణకం సున్నా' అన్న చోట 'నెమ్మదిగా కదిపినప్పుడు' అని రెండు మాటలు చేర్చండి. ప్రశ్నపత్రాలు తయారుచేసేవాళ్లు పౌనఃపున్యం చెప్పకుండా ఈ ప్రశ్న అడగడం మానండి. ఇక దుర్గ్, భిలాయి ఇంజనీరింగ్ కళాశాలల అధ్యాపకులకు: పాత ఎలక్ట్రానిక్ బోర్డుల మీద ఉండే 10 మెగాహెర్ట్జ్ క్వార్ట్జ్ స్ఫటికం కొన్ని రూపాయల వస్తువు. ఆ రకం స్ఫటికాల్లో ఎక్కువ వాటి ముఖం పక్కలకే ఊగుతుంది. రేకు డబ్బా జాగ్రత్తగా కోసి, స్ఫటికాన్ని ఆముదంలో ముంచి, కొద్దికొద్దిగా చల్లబరుస్తూ నిరోధాన్నీ భారాన్నీ పక్కపక్కన గీయించండి. వెచ్చగా ఉన్నప్పుడు కలిసి నడిచే ఆ రెండు గీతలు చిక్కబడే కొద్దీ విడిపోతాయి. అది చూశాక ఆ పిల్లల చేత సున్నా దగ్గర టిక్కు పెట్టించగలరేమో ప్రయత్నించండి.